మూడో పేరు

నీళ్ళు ఇంకా మోకాలి దాకా కూడా రాలేదు. వేదిక మీది చెక్కలు తీసి గోడకి ఆనించారు, కింద తొట్టి నోరు తెరుచుకుని ఉంది, పక్క గదిలోంచి లాగిన రబ్బరు గొట్టం దాని అంచు మీదుగా లోపలికి వంగి బుడబుడమంటోంది. సంఘపెద్ద చీపురుకర్ర తిరగేసి అడుగుకి తాకించి, పైకి తీసి, తడిసిన మేర చూసి, "ఇంకో గంట పడుతుంది," అన్నాడు ఎవరితోనూ కాకుండా, లేక ముసలామెతోనా, ముందు వరసలో ఇంకెవరూ లేరు కనక ఆమెతోనే అయ్యుంటుంది. గంట. ముసలామె ఒళ్ళోని తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచింది. గంటలో చెప్పేయాలి. చెప్పకపోతే మనవరాలు ఆ తొట్టిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి నలుగురి ముందూ ఇదే నా బాప్తిస్మం అంటుంది. ఫారంలో రాసింది కూడా, ఇంతకు ముందు బాప్తిస్మం పొందారా అన్న చోట లేదు అని గుండ్రటి అక్షరాలతో. అది అబద్ధం, ఆడుతున్న పిల్లకి తెలియని అబద్ధం, తెలిసిన మనిషి తువ్వాలు పట్టుకుని మొదటి బల్ల మీద కూర్చుని ఉంది. మరి చెబితే? ఆమె తల తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పింది. ఆఖరి బల్ల మీద, తలుపు దగ్గర, కూతురు సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సు కోసం కూర్చున్న మనిషిలా కూర్చుంది. చెబితే ఆ సంచీ భుజానికి తగిలించుకుని లేస్తుంది. అంత దగ్గరగా కూర్చుంది తలుపుకి.

ఇరవై నాలుగేళ్ళ కిందట ఆ కూతురికి మాటిచ్చింది, చేతిలో చెయ్యి వేసి మరీ. అమ్మా, దీని జోలికి ఎవరూ రావద్దు, మీ కతోలిక గురువులొద్దు, నాన్న సంఘం పాస్టర్లొద్దు, పెద్దయ్యాక అదే చూసుకుంటుంది, నువ్వు మాత్రం ఏమీ చెయ్యనని నాకు మాటివ్వు. ఇచ్చింది. ఇచ్చిన నాలుగోరోజున తప్పింది. తప్పిందా? అదే తెలియడం లేదు, ఇన్నేళ్ళుగా తిరగామరగా వేసి చూస్తున్నా తేలని సంగతి అదే. చేసిన పని అసలు అయిందా కాలేదా అన్నది తెలిస్తే మాట తప్పిందో లేదో తెలుస్తుంది. అవకపోతే ఒక తడి దూదితో పిల్ల తల తుడిచినట్టు, అంతే, దానికి ఎవరి క్షమాపణా అక్కర్లేదు. అయి ఉంటే, అది చెరగదు. ఒకసారి పడితే చెరగని ముద్ర అని చిన్నప్పుడు కన్యస్త్రీ చెప్పింది, ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోదా అని తను అడిగింది, నరకంలో కూడా పోదు అంది కన్యస్త్రీ, అది విని వారం రోజులు స్నానానికి భయపడింది.

ఏడు. ఏడు దివ్య సంస్కారాలు, వేళ్ళ మీద లెక్కపెట్టించేది కన్యస్త్రీ, నెత్తిన నీళ్ళు పోసే జ్ఞానస్నానం బొటనవేలు, భద్రమైన అభ్యంగనం చూపుడువేలు, సత్ప్రసాదం మధ్యవేలు, అలా అయిదు అయ్యాక రెండో చెయ్యి, అక్కడికి వచ్చేసరికి ఒకటి గురువుల పట్టాభిషేకం, ఒకటి పెళ్ళి, ఎవరికైనా ఆ రెండిట్లో ఒకటే దొరుకుతుంది, రెండూ కావాలంటే కుదరదు. కంటికి కనబడని అనుగ్రహానికి కంటికి కనబడే గుర్తు, అదీ సంస్కారమంటే, అని అప్పజెప్పించేది. ఇంటికి వస్తే అమ్మ, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరతావేం, సంస్కారం లేదా నీకు, అనేది. ఏడిట్లో ఏది ఊడిపోయిందా అని తను మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టుకునేది. ఇంకోటి, పాపసంకీర్తనం, చేసిన తప్పులు గురువుగారికి చెప్పుకోవడం. సంకీర్తన అంటే పాట అనే కదా అర్థం, మొదటిసారి ఆ చెక్కగదిలో మోకరించి, చెల్లెల్ని గిల్లాను, బెల్లం దొంగిలించాను అని గొంతు సవరించుకుని రాగం తీసింది. జాలీ అవతల గురువుగారికి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గారు. బయటికి వచ్చాక అమ్మ చెవి మెలేసింది, కానీ ఆ దగ్గు నవ్వు అని తెలియడానికి తనకి పెళ్ళయ్యేదాకా పట్టింది. పెళ్ళయ్యాక ఆయనకి చెబితే ఆయన నవ్వి నవ్వి, మా దాంట్లో అదేం లేదు, నేరుగా దేవుడికే చెప్పుకుంటాం, పాడాల్సిన పని లేదు, అన్నాడు. మా దాంట్లో. ఆ మాట ఆ రోజు ఎంత తేలిగ్గా వినబడింది.

ఇదే తొట్టి. అప్పుడు సిమెంటుది, ఇప్పుడు తెల్ల పలకలు అంటించారు. ఆయన సంఘంలో పెళ్ళి చేసుకోవాలంటే ముంచుడు బాప్తిస్మం తీసుకోవాలి, చిన్నప్పుడు నెత్తిన పోసినవి లెక్కలోకి రావు. రెండే ఉన్నాయి వీళ్ళకి, బాప్తిస్మం, ప్రభువు బల్ల, వాటిని సంస్కారాలని అనరు, ఆజ్ఞలు అంటారు, ప్రభువు చెయ్యమన్నాడు కనక చేస్తాం, అందులో వేరే మహిమ ఏమీ లేదు, గుర్తు గుర్తే. తను ఇరవై ఏళ్ళ పిల్ల, ఆయన మీద మనసు పడ్డ పిల్ల, ముక్కు మూసుకుని మునిగింది. పైకి లేచినప్పుడు చెవుల్లో నీళ్ళు, అందరూ పాడుతున్నారు, ఏం పాడుతున్నారో వినబడలేదు. నాన్న ఆ రోజు నుంచి మాట్లాడలేదు. కోపంతో కాదు, ఆయనకి కోపం రాదు. ఒకసారి పుట్టిన పిల్ల మళ్ళీ పుట్టానంటే, మొదటిసారి కన్నవాళ్ళం మేమెవరం, అని మాత్రం అమ్మతో అన్నాడట. చివరిదాకా అంతే, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, తను వెళితే లేచి లోపలికి వెళ్ళేవాడు, ఆ కుర్చీ ఇంకా వెచ్చగా ఉండేది. తనకి రెండు అయ్యాయి మరి. రెండిట్లో ఏది పట్టింది? మొదటిది పడితే రెండోది ఈతకొట్టడం, రెండోది పడితే మొదటిది తలంటు. ఆయన పోయాక తను పొద్దున్నే చిన్నప్పటి గుడికి వెళ్తుంది, పది గంటలకి ఇక్కడికి వస్తుంది, అక్కడ వరస వచ్చినప్పుడు చేతులు కట్టుకుని తల వంచుతుంది, గురువుగారు నుదుటి మీద శిలువ గుర్తు వేసి పంపుతారు, నాలుక మీద తెల్లటి అప్పం పెట్టరు, పెట్టాలంటే ముందు ఆ చెక్కగదిలోకి వెళ్ళి చెప్పుకోవాలి. ఏమని చెప్పుకోవాలి, ఆయన్ని చేసుకోవడం తప్పని చెప్పాలా? చెప్పలేదు. ఇక్కడ గిన్నెలో రొట్టెముక్కలు వస్తాయి, వేలెడంత కప్పులో ద్రాక్షరసం వస్తుంది, తీసుకుంటుంది. జ్ఞాపకం అంటారు ఇక్కడ, శరీరమే అంటారు అక్కడ. నోట్లో వేసుకున్నాక అది ఏదైతే బాగుండునని తనకుందో అడిగినవాళ్ళు లేరు.

"అమ్మగారూ, ఫ్యాను గాలి వస్తోందా?" అన్నాడు సంఘపెద్ద. వస్తోందంది. రావడం లేదు.

మొదటి పిల్ల. ఆ తలుపు దగ్గర కూర్చున్న దానికి ముందు ఇంకొకటి, ఆరు గంటలు మాత్రం ఉంది. పొద్దున పుట్టి మధ్యాహ్నానికి లేదు. ఆయన పక్కనే ఉన్నాడు, చాలా మంచివాడు, ఏడుస్తూనే చెప్పాడు, పసిదానికి పాపమేంటి పిచ్చిదానా, నీళ్ళెందుకు, దేవుడి దగ్గరే ఉంటుంది. తను నమ్మింది. ఆయన నోటి వెంట వచ్చినంతసేపూ నమ్మింది. ఆయన సంఘం శ్మశానంలో, ప్రార్థన చేసి, పాట పాడి, ఎవరూ ఏ లోపమూ చెయ్యలేదు. మూడోరోజున అమ్మ దగ్గర నుంచి కబురు వచ్చింది, ఒకే ఒక్క మాట, నీళ్ళు పోశారా అని. ఎలా ఉన్నావని కాదు, తిన్నావా అని కాదు. అప్పుడు కోపం వచ్చింది, ఏళ్ళ తరబడి ఉంది ఆ కోపం, ఇప్పుడు అమ్మ వయసు దాటిపోయాక అనిపిస్తోంది, అమ్మకి అడగడానికి ఇంకో మాట దొరకలేదేమోనని. ఎవరైనా రైలెక్కుతుంటే టికెట్టు ఉందా అనే కదా అడుగుతాం, గొంతులో ఎన్ని ఉన్నా. ఆ కబురు తర్వాతే చదవడం మొదలుపెట్టింది. గుడి పక్క చదువుల గదిలో పాత కరపత్రాలు, ముందు పేజీలు చిరిగిన ప్రశ్నోత్తరాల పుస్తకాలు, వీళ్ళవీ వాళ్ళవీ, అర్థం కాని మాట వస్తే దాని కింద పెన్సిలు గీత. నీళ్ళు లేకుండా పోయిన పిల్లలు ఎక్కడుంటారు. ఒక పుస్తకం అంచున ఉంటారంది, బాధ లేదు, దేవుడి దర్శనమూ లేదు, వసారాలో కూర్చోబెట్టినట్టు. ఇంకో పుస్తకం అదేం లేదంది. చాలా ఏళ్ళకి ఇంకొకటి, దేవుడి దయ మీద ఆశ ఉంచవచ్చు, అంది. ఉంచవచ్చు. ఆ మాట దగ్గర ఎంతసేపు ఆగిపోయిందో. ఉంచవచ్చునంటే ఉందనా, ఉండకపోవచ్చుననా.

ఆసుపత్రి బట్టల గదిలో ముప్ఫై ఏళ్ళు కుట్టింది, దుప్పట్ల అంచులు, ఆపరేషను గుడ్డలు, పసిపిల్లల్ని చుట్టే తెల్ల పేలికలు, రోజుకి నలభై. పక్కన ఇస్త్రీ చేసే ఆవిడ ఏదో తూర్పు దేశాల సంఘం మనిషి, వాళ్ళు పసిపిల్లని మూడుసార్లు నిలువునా ముంచుతారు, ఆ వెంటనే ఒళ్ళంతా పరిమళ తైలంతో గుర్తులు పెడతారు, ఆ రోజే చెంచాతో రొట్టె, ద్రాక్షరసం కలిపి నోట్లో వేస్తారు, పళ్ళు రాని నోట్లో. "దానికేం తెలుసని?" అని అడిగింది తను. "నీకు తెలుసా?" అంది ఇస్త్రీ ఆవిడ, పెట్టె మీద నీళ్ళు చల్లి, చుయ్యిమనిపించి. "పాలు పట్టేటప్పుడు తెలిశాకే పడతావా?" వాళ్ళు వాటిని మర్మాలంటారు. ఎన్ని మర్మాలు అంటే, ఏడంటారులే, లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళకి ఏడు, అనేది. మందులిచ్చే కాంపౌండరుది ఇంకో వింత, వాళ్ళకి నీళ్ళూ లేవు, రొట్టే లేదు, ఆదివారం అందరూ చుట్టూ కూర్చుని నోరు మూసుకుంటారు, లోపలే అన్నీ జరుగుతాయట. భోజనాల వేళ అందరూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పేవాళ్ళు, ఏడువాళ్ళు, రెండువాళ్ళు, మర్మంవాళ్ళు, ఏమీ లేనివాళ్ళు. "మాకిదే ప్రభుభోజనం," అని కాంపౌండరు తన డబ్బా చూపించేవాడు. "అందుకే ఎవరికీ పెట్టవు," అనేది ఇస్త్రీ ఆవిడ. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు, ఇస్త్రీ ఆవిడ కొడుకు దగ్గరికి, కాంపౌండరు మట్టిలోకి. ఆవిడ వెళ్ళేరోజు ఇస్త్రీ పెట్టె తీగ చుట్టి, వస్తానే, అంది. రాలేదు. వస్తానన్న ప్రతివాళ్ళనీ నమ్మి తలుపు వైపు చూడటం అలవాటైపోయింది తనకి, ఆయన కూడా ఆపరేషను గదిలోకి వెళ్ళేముందు వస్తానే అన్నాడు.

మనవరాలు ఏడో నెలలోనే పుట్టింది, కిలో పావు, గాజుపెట్టెలో పెట్టారు. చెయ్యి పట్టేంత గుండ్రటి కంతలుంటాయి ఆ పెట్టెకి. నాలుగోరోజున డాక్టరు సాయంత్రం దాకా చూద్దాం అన్నాడు, ఆ మాట బట్టల గది మనిషికి చెప్పనక్కర్లేదు, సాయంత్రం దాకా చూద్దాం అన్న పెట్టెల దగ్గర నుంచి ఏ గుడ్డలు తిరిగి వస్తాయో తనకి తెలుసు. కొత్త పేలికల కట్ట చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళింది, ఎవరూ ఆపరు, బట్టల గది మనిషి. మధ్యాహ్నం రెండు. కూతురు కింది వార్డులో నిద్రపోతోంది. ప్రమాదం ముంచుకొస్తే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వవచ్చని పుస్తకంలో ఉంది, గురువే కానక్కర్లేదు, ఆడవాళ్ళైనా, అసలు నమ్మకం లేనివాళ్ళైనా సరే, గుడిలో చేసేదే చెయ్యాలన్న ఉద్దేశం ఉంటే చాలు, నీళ్ళుంటే చాలు, మాటలుంటే చాలు. గ్లాసు దొరకలేదు. బల్ల మీద గిన్నెలో దూది ఉండలు, పక్కన ఒక సీసా, మూత తీసి దూది తడిపింది. అది నీళ్ళ సీసానా, సెలైనా, ఇంకేదైనా మందా? వాసన లేదు, అది గుర్తుంది, వాసన లేదు. కంతలోంచి చెయ్యి పెట్టి దూది పిండింది. పిండిందా అద్దిందా? తల మీద నీళ్ళు పారాలి, ఊరికే తడిస్తే చాలదు, అని పుస్తకం. ఒక చుక్క చెవి వెనక్కి జారినట్టు గుర్తు. జారిన చుక్కని పారడం అంటారా? పితయొక్కయు, అంది, పుత్రునియొక్కయు, అంది, అప్పుడే పక్క పెట్టె గంట మోగింది, వార్డు సిస్టరు పరిగెత్తుకొచ్చింది, నువ్విక్కడేం చేస్తున్నావంది, తను చెయ్యి లాక్కుంది, మూడో పేరు, పవిత్రాత్మ పేరు, అన్నదా? పెదాలు కదిలాయి, అది కచ్చితం. మనసులో అంది, అదీ కచ్చితమే. బయటికి వచ్చిందా? కొన్నాళ్ళు వచ్చిందనుకుంటుంది, అలా అనుకున్న వారం ప్రశాంతంగా ఉంటుంది, మళ్ళీ ఏ బియ్యం ఏరుతున్నప్పుడో ఆ గంట చెవిలో మోగుతుంది, పుత్రునియొక్కయు తర్వాత ఆ గంటే వినబడుతుంది, ఇంకేమీ వినబడదు. పిల్ల బతికింది. సాయంత్రం దాటింది, మర్నాడు దాటింది, ఇప్పుడు ఆ పక్క గదిలో తల దువ్వుకుంటోంది. బతికినందుకు చెప్పడం కష్టమైంది. పోయుంటే కూతురికి చెప్పేసి ఉండేది.

తొట్టిలో నీళ్ళు మోకాలు దాటాయి. పాస్టరుగారు వచ్చి అంచున నిలబడ్డారు, కుర్రపాస్టరు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి. ఆమె లేచి వెళ్ళింది, ఎందుకు లేచిందో తెలియకుండానే వెళ్ళింది, "మా ఎరికలో ఒకావిడ ఉందండి," అని మొదలుపెట్టింది. ఆ ఒకావిడ ఆసుపత్రిలో చేసేదని, ఒక పసిపిల్లకి ప్రాణం మీదికొస్తే నీళ్ళు పోసిందని, ఆ పిల్ల పెద్దదైందని. పాస్టరుగారు వింటూ వింటూ పక్క గది తలుపు వైపు ఒకసారి చూశారు, మళ్ళీ ఆమె వైపు.

"ఆవిడకి చెప్పండి, బెంగపడొద్దని," అన్నారు మెల్లగా. "నమ్మకం ముందు, నీళ్ళు తర్వాత. పసిపిల్ల నమ్మలేదు కదా. అది స్నానమే అవుతుందండి, బాప్తిస్మం కాదు."

"ఏడో నెలలోనే పుట్టిన పిల్లకి స్నానం చేయించరండి," అంది ఆమె. "పోతారు."

ఆయన చొక్కా చెయ్యి ఇంకో మడత మడిచారు.

"కొన్ని సంఘాల్లో ఒకవేళ అని చేరుస్తారట. ఒకవేళ నీకు ఇదివరకు కాకపోయి ఉంటే, అని ముందు ఆ ముక్క అని, అప్పుడు ఇస్తారట. చదివాను," అంది ఆమె.

"దేవుడి దగ్గర షరతులు పెడతామా అమ్మగారూ?" ఆయన నవ్వారు, మంచి నవ్వే. "ఆయనకి అన్నీ తెలుసు."

ఆయనకి తెలుసు, అదే కదా బాధ, తెలిసినవాడు చెప్పడు. షరతు దేవుడికి కాదు, తన మతిమరుపుకి. ఒకవేళ. ఎంత మర్యాదైన మాట, రెండు తలుపులూ తెరిచిపెట్టే మాట, అటు గురువుగారూ లేచి వెళ్ళక్కర్లేదు, ఇటు పాస్టరుగారూ లేచి వెళ్ళక్కర్లేదు, నాన్న కుర్చీలోనే కూర్చోవచ్చు. స్నానమే, అన్నారు పాస్టరుగారు. విన్న క్షణం గుండె మీది బరువు దిగినట్టయింది, స్నానమే అయితే మాట తప్పలేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఇంటికి వెళ్ళి అన్నం వండుకోవచ్చు. నాలుగడుగులు వేసి బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది. స్నానమట. తన చెయ్యి ఆ కంతలోకి వెళ్ళడం చూసినవాళ్ళు స్నానమంటారా? ఏది కావాలి తనకి, అవ్వడమా, కాకపోవడమా? రెండూ కావాలి. పిల్ల కోసం అయి ఉండాలి, కూతురి కోసం కాకుండా ఉండాలి. అలా కుదరదని తెలుసు, కుట్టుపనిలో కూడా కుదరదు, ఒకే గుడ్డని రెండువైపులా పైవైపు చెయ్యలేం.

"అయిపోవచ్చిందండీ," అన్నాడు సంఘపెద్ద, గొట్టం కట్టేయడానికి వెళుతూ. చప్పుడు ఆగింది. ఇంతసేపూ ఉన్న చప్పుడు ఆగేసరికి గది పెద్దదైనట్టు అనిపించింది. జనం ఒక్కొక్కరే వచ్చి బల్లలు నింపుతున్నారు. ఆమె తువ్వాలు చంకలో పెట్టుకుని పక్క గది వైపు నడిచింది. ఆఖరి బల్ల వైపు చూడలేదు.

మనవరాలు తెల్ల అంగీలో గది ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తోంది. "అమ్మమ్మా, ఏం పెట్టి కుట్టావు దీనికి, నడుస్తుంటే టిక్కుటిక్కుమంటోంది?"

"వాషర్లు. అంచులో పెట్టాను, పన్నెండు. నీళ్ళలో అంగీ పైకి తేలితే పరువు పోతుంది. చిట్టీ, కూర్చో."

"కూర్చుంటే నలుగుతుంది."

"నలగనీ."

చెప్పింది. అనుకున్న వరసలో రాలేదు, సీసా ముందు వచ్చింది, గాజుపెట్టె తర్వాత వచ్చింది, పుస్తకంలో చదివినవన్నీ మధ్యలో అడ్డం వచ్చాయి, పారడం, అద్దడం, పక్క పెట్టె గంట. పిల్ల ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది, బొట్టుబొట్టుగా చెమట పట్టిన అమ్మమ్మ పై పెదవి వైపు.

"అంటే నాకు అయిపోయిందా?"

"అయిందో లేదో నాకు తెలీదు. అదే చెబుతున్నా. తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని."

"ఏది అయిపోయింది?" అంది కూతురు. గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో రెండు తలపిన్నులు, సంచీ భుజానికి. ఎంతసేపటి నుంచి ఉందో. ఆమె గోడ పట్టుకుంది. ఇప్పుడు వెళ్ళిపోతుంది, ఆ పిన్నులు బల్ల మీద పెట్టి, వస్తానమ్మా అని కూడా అనకుండా. నోరు దానంతట అదే తెరుచుకుంది. "నీకిచ్చిన మాట తప్పాను. దీనికి నీళ్ళు పోశాను, ఆ పెట్టెలో ఉన్నప్పుడు. నాలుగోరోజు."

కూతురు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పిన్నులు పిల్ల చేతిలో పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాలుగోరోజు ఎన్నింటికి?"

"రెండు. పాల వేళకి ముందు. నువ్వు నిద్రపోతున్నావు."

"నేను పదకొండింటికి," అంది కూతురు.

"దేనికి?"

కూతురు తన చేతుల వైపు చూసుకుంది. "చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు, చూసుకో అని. లోపలికి వెళ్ళేముందు చేతులు కడగమన్నారు. కడిగాను, తుడుచుకోలేదు. తుడుచుకోకుండా పెట్టాను లోపలికి." చెయ్యి కాస్త పైకెత్తింది, అరచెయ్యి కిందికి. "దాని నెత్తి నా మూడు వేళ్ళంత ఉంది. బాగా కారాయి నీళ్ళు. పక్క గుడ్డ కూడా తడిసింది, ఆయా తిట్టింది నన్ను."

ఆమెకి వెంటనే నోట్లోకి వచ్చిన మాట అడగకూడని మాటే. అయినా అడిగింది. "ఏమన్నావు?"

"నాకేం వచ్చనీ అనడానికి? పదహారేళ్ళకే మానేశాను ఇవన్నీ. నీవి కొన్ని, నాన్నవి కొన్ని, ఏది ముందో ఏది వెనకో తెలీలేదు. ఇక్కడెవరున్నారో వాళ్ళ పేరు మీద, అన్నాను."

మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఇంకెందుకో. ముసలామె తల ఎన్నెన్నో పేజీలు తిరగేస్తోంది, నమ్మనివాళ్ళైనా ఇవ్వవచ్చు, ఉద్దేశం ఉంటే చాలు, నీళ్ళు పారాయి, దీనివి పారాయి, తనవి పారాయో లేదో, మాటలు, మాటలు తప్పు, తప్పా? ఇక్కడెవరున్నారో. తండ్రి ఉంటే తండ్రి, కొడుకు ఉంటే కొడుకు, మూడోవాడు ఎక్కడ లేడు గనక. దానిది అయితే తనది కాలేదు, పదకొండు ముందు, రెండు తర్వాత. దానిది కాకపోతే తనది, తనది కాకపోతే. ఏ పుస్తకంలోనూ ఈ లెక్క లేదు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు సంతోషపడతావని," అంది కూతురు విసుగ్గా. "చూశావా, నేను చెప్పలా, అని ఊరంతా చెప్పుకుంటావని. నువ్వెందుకు చెప్పలేదు?"

"వెళ్ళిపోతావని."

"ఎక్కడికి వెళ్తానమ్మా," అంది కూతురు. "మూడు వీధుల అవతలే కదా నా ఇల్లు. ఎవరైనా చెప్పులేసుకుంటే చాలు నీకు గుండె జారిపోతుంది. నాన్న నవ్వేవాడు గుర్తుందా, పాలవాడు వెళ్ళినా సాగనంపుతుందని."

"ఇంతకీ నేనేం చెయ్యాలి?" అంది మనవరాలు. "ఇప్పుడు దిగాలా, మానెయ్యాలా? ఇది మూడోసారి కదా లెక్కకి."

"నీ ఇష్టం," అంది ముసలామె.

"నీ ఇష్టం," అంది కూతురు అదే క్షణంలో. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చటుక్కున చూపు తిప్పుకున్నారు. పిల్ల కిటికీ దగ్గరున్న ఫారం తీసింది, కలం వెతికింది, లేదు అన్నదాన్ని కొట్టేసి పక్కన తెలియదు అని రాసింది. కాసేపు చూసుకుని, కింద చోటున్నంత మేర ఇంకేదో రాసి, అమ్మమ్మకి చూపించకుండా మడిచింది. "నేను దిగుతాను," అంది. "మీ ఇద్దరూ భయపడి పోశారు. నాకు భయం లేదు ఇవాళ. ఉన్నప్పుడొకటి, లేనప్పుడొకటి." తలుపు తీసుకుని వెళ్ళింది, టిక్కుటిక్కుమంటూ.

అది ఏ సంఘం మాట? ముసలామెకి తెలియలేదు. భయం ఉన్నప్పుడొకటి, లేనప్పుడొకటి, అలా ఎవరూ రాయలేదు, రాస్తే పెన్సిలు గీత గీసి ఉండేది. తప్పేమో. కావచ్చు. బయట పాట మొదలైంది. ఆమె లేవబోతే మోకాలు పట్టేసింది, కూతురు జబ్బ కింద చెయ్యి వేసి లేపింది, లేపిన చెయ్యి తియ్యలేదు, అలాగే నడిపించుకుని వచ్చి మొదటి బల్ల మీద కూర్చోబెట్టింది. ఆఖరి బల్లకి వెళ్ళలేదు. పక్కనే కూర్చుంది, సంచీ కింద నేల మీద పెట్టి.

పాస్టరుగారు ముందే నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఫారం ఆయన చేతికి అందించారు, ఆయన చదివారు, కనుబొమలు ముడిపడ్డాయి, మళ్ళీ చదివారు, ముసలామె వైపు చూసి ఏదో అనబోయి, కాగితం తొట్టి గట్టు మీద తడవని చోట పెట్టారు. పిల్ల మెట్టు మెట్టూ దిగింది. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులూ, సంఘపెద్దలూ లేచి తొట్టి చుట్టూ మూగారు, అడ్డంగా వీపులు, వీపుల మధ్య తెల్ల అంగీ ఒక అంగుళం. సొంతంగా వచ్చావా అని పాస్టరుగారు అడగడం వినబడింది. పిల్ల జవాబు వినబడలేదు.

పక్కన కూతురు లేచి నిలబడింది. ఈ గదిలో ప్రార్థనకి గానీ పాటకి గానీ పదహారో ఏట నుంచి లేవని మనిషి.

"కనబడటం లేదు," అంది, అడగకుండానే.

"నాకూ కనబడటం లేదు," అని ముసలామె కూడా లేచింది.